మాయ గొంతు: తోలుబొమ్మ తెర నుంచి వెండితెర దాకా ‘మాయాబజార్’

ప్రవేశిక

వ్యాస భారతంలో శశిరేఖ లేదు. బలరాముని కూతురిని అభిమన్యుడు వలచిన కథ గాని, ఆమెను ఘటోత్కచుడు నిద్రలోనే ఎత్తుకువచ్చిన కథ గాని సంస్కృత మూలంలో కనిపించవు. అక్కడ అభిమన్యుని భార్య విరాటరాజు కూతురు ఉత్తర. కవిత్రయం కూడా ఈ విషయంలో మూలాన్ని దాటి పోలేదు. దక్షిణాదిలోను మహారాష్ట్రలోను జనం నోట శశిరేఖగా, వత్సలగా, సురేఖగా పెరిగిన పిల్ల ఆమె. అందువల్ల ఆమె కథను కావ్యచరిత్రలో కంటే ప్రదర్శన చరిత్రలో వెతకడం న్యాయం. 1921లో బాబూరావు పెయింటర్ ‘సురేఖా హరణ్’ పేరుతో ఈ కథనే మూకీ చిత్రంగా తీశాడు. తరువాత ప్రసిద్ధ దర్శకుడైన వి. శాంతారాం అందులో కృష్ణ పాత్రతో తెరకు పరిచయమయ్యాడు.

తెలుగువారికి ‘మాయాబజార్’ అనగానే 1957 నాటి విజయా వారి చిత్రమే గుర్తుకు వస్తుంది. ఆ చిత్రానికి ముందు సురభి వారి రంగస్థలం ఉన్నదని వ్యాసకర్తలు సాధారణంగా ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతారు. నాటకం ముడిసరుకు, సినిమా తయారైన వస్తువు అన్న భావన ఆ వాక్యంలో దాగి ఉంటుంది. ఈ భావన సరైనది కాదని నా అభిప్రాయం. నాటకానికీ సినిమాకూ ఉన్న సంబంధాన్ని కథాంశాల పోలికతో కాక, ఒక్క ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. రాక్షసుడు పెళ్లికూతురి రూపం ధరించి పాడుతున్నప్పుడు ఆ గొంతు ఎవరిది?

భయం, నవ్వు, పాట

భయాన్ని, హాస్యాన్ని, సంగీతాన్ని ఒకే పాత్రలో వండే ప్రక్రియ పాశ్చాత్య దేశాలలో గత అర్ధశతాబ్దంలో ప్రత్యేక శాఖగా గుర్తింపు పొందింది. 1973లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్ మేడమీది చిన్న రంగస్థలంపై రిచర్డ్ ఓబ్రయన్ ప్రదర్శించిన ‘రాకీ హారర్ షో’ 1975లో సినిమా అయింది. 1976 నుంచి న్యూయార్కులో అర్ధరాత్రి ఆటలుగా నడిచి, ప్రేక్షకులు తెరతో పాటు సంభాషణలు వల్లించే ఆచారాన్ని సృష్టించింది. ‘లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ దీనికి ఎదురు దారిలో నడిచింది. 1960లో రోజర్ కోర్మన్ తీసిన చిన్న సినిమా 1982లో హోవర్డ్ ఆష్‌మన్, అలన్ మెంకెన్‌ల చేతిలో సంగీత నాటకమై, 1986లో తిరిగి తెరకెక్కింది. అందులో మనుషులను తినే మొక్క ఒక పెద్ద బొమ్మ. లోపల ఉండి దాన్ని ఆడించేవారు ఒకరు, దాని పాట పాడేవారు మరొకరు. ఈ వివరాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

మన అలంకార శాస్త్రం ఈ మిశ్రమాన్ని వింతగా చూడలేదు. శృంగారం నుంచి హాస్యం, బీభత్సం నుంచి భయానకం పుడతాయని భరతుడు చెప్పగా, ఏ రసమైనా ఆభాసంగా మారినప్పుడు హాస్యానికి కారణం కావచ్చునని అభినవగుప్తుడు ఆ సూత్రాన్ని విస్తరించాడు. భయపెట్టవలసినవాడు భయపెట్టలేకపోవడం, లేక భయపెట్టడమే అతనికి ఆటకావడం హాస్యం. ఘటోత్కచుడు ఈ సూత్రానికి నిలువెత్తు ఉదాహరణ.

తెర వెనుక గొంతు

నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి ప్రాంతాలు నేడు కామారెడ్డి జిల్లాలో ఉన్నా, 2016 దాకా నిజామాబాద్ జిల్లాలోనివే. ఆ జిల్లా చిందు యక్షగానానికి పెట్టని కోట. చిందుల ఎల్లమ్మ వంటి మహానటిని ఇచ్చిన నేల. ఆమె స్త్రీ పాత్రలనే గాక పురుష పాత్రలనూ ధరించి మెప్పించిన నటి. కనుక ఈ ప్రాంతపు ప్రేక్షకునికి రాక్షసుడు సినిమాతో పరిచయమైనవాడు కాడు. తేలిక చెక్కతో చేసిన కిరీటం, భుజకీర్తులు, ముఖాన అర్దళం, కాళ్లకు గజ్జెలు, పక్కన మద్దెల, తాళాలతో రాత్రి పొద్దుపోయాక అతడు ఊరి నడుమ దిగేవాడు. పాత్రధారి పాట ఎత్తుకోగానే వెనుక నిలబడ్డ వంతలు దానిని అందుకుంటారు. అంటే చిందు ఆటలో పాత్ర గొంతు ఒక్కరి సొత్తు కాదు. ముందు నిలిచిన దేహం ఒకటి, దానికి పలికే గొంతులు మూడో నాలుగో. ప్రేక్షకుడికి ఇది లోపంగా తోచదు. రాక్షసుని పరిమాణం పెరగడానికి అదే సాధనం.

తోలుబొమ్మలాటలో ఈ విభజన సంపూర్ణమవుతుంది. తెరమీద కదిలేది చర్మపు బొమ్మ. మాటలూ పాటలూ దీపం వెనుక కూర్చున్న కుటుంబానివి. రాముడికీ రావణుడికీ ఒకే మనిషి గొంతునివ్వవచ్చు, ఒక పురుషుడు సీతకు పలకవచ్చు. గంభీరమైన యుద్ధాల మధ్య బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి అల్లరి చేస్తారు. భయానకం నుంచి హాస్యానికి ఒక్క ఊపులో దూకడం ఆ తెరకు అలవాటైన పని.

ఇక్కడొక చారిత్రక సత్యాన్ని నొక్కి చెప్పాలి. సురభి నాటక కుటుంబాల పూర్వులు తోలుబొమ్మలాడించినవారే. మరాఠీ మూలాలున్న ఆ కుటుంబాలు 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో, వనారస గోవిందరావు పూనికతో ‘కీచక వధ’ను మనుషులతో ఆడారు. ఆ రోజు జరిగిన మార్పును మనం సాధారణంగా బొమ్మ స్థానంలో నటుడు రావడంగా వర్ణిస్తాము. నా దృష్టిలో అంతకంటే పెద్ద మార్పు మరొకటి ఉంది. తరతరాలుగా తెర వెనుక ఉన్న గొంతు మొదటిసారి దేహాన్ని ధరించి ముందుకు వచ్చింది. పాడినవారే కనిపించారు. స్త్రీ పాత్రలను పురుషులే వేస్తున్న కాలంలో సురభి స్త్రీలు స్వయంగా రంగమెక్కడం ఈ మార్పుకు సహజమైన పర్యవసానం. బొమ్మ తెర వెనుక వారి గొంతు ఎలాగూ ఉండనే ఉంది.

సురభి ‘మాయాబజార్’

సురభి వారి పేరు దేశమంతటా తెలియజేసిన ప్రదర్శనలలో ‘మాయాబజార్’ ముఖ్యమైనది. ఒకదాని వెనుక ఒకటిగా లేచే చిత్రిత పరదాలు, తీగలపై గాలిలో తేలే పాత్రలు, ఎదురెదురుగా వచ్చి నిప్పురవ్వలతో ఢీకొనే బాణాలు, పొగలోంచి ప్రత్యక్షమయ్యే ఘటోత్కచుడు ఆ రంగస్థలపు ప్రత్యేకతలు. ఆధునిక విమర్శకులు వీటిని ‘ట్రిక్కు’లని తేలికగా కొట్టివేయడం కద్దు. ఆ తీర్పులో తొందరపాటు ఉంది. ముందు వరుసలో నేలమీద కూర్చున్న పిల్లవాడికి తీగ కనబడుతుంది. కనబడినా వాడు కేక పెడతాడు, వెంటనే నవ్వుతాడు. మాయ తెలిసిపోవడం సురభి రంగస్థలానికి నష్టం కాదు. తెలిసీ భయపడటంలోని సరదాయే ఆ ప్రదర్శనకు ఇంధనం.

అయితే ఈ రంగస్థలానికి ఒక కచ్చితమైన పరిమితి ఉంది. మాయా శశిరేఖ ఘట్టంలో, లోపల రాక్షసుడూ బయట పెళ్లికూతురూ అయిన పాత్రను వేసే నటి ఆ రెండు స్వభావాలనూ తన ఒక్క గొంతులోంచే తీయాలి. సిగ్గుపడుతున్న స్వరం మధ్యలో బొంగురుపోవాలి, నడక ఉన్నట్టుండి బరువెక్కాలి, మళ్లీ తమాయించుకోవాలి. తోలుబొమ్మలాటలో వేరొకరు చేసి పెట్టే పనిని ఇక్కడ నటి ఒంటరిగా చేస్తుంది.

సినిమా తొలి రోజులలో ఈ పరిమితి మారలేదు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ సురభి వారి నాటకం ఆధారంగా రూపొందినదే. సురభి కమలాబాయి అందులో లీలావతి. 1936లో పి.వి. దాసు దర్శకత్వంలో వచ్చిన ‘శశిరేఖా పరిణయం’ కూడా ‘మాయాబజార్’గా ప్రసిద్ధమైంది. శాంతకుమారి శశిరేఖగా నటించిన ఆ చిత్ర కాలంలో నటీనటులే పాడుకోవలసి వచ్చేది. కెమెరా వచ్చినా గొంతూ దేహమూ సురభి పద్ధతిలోనే కలిసి ఉన్నాయి. కనుక 1936 చిత్రాన్ని ‘తెరకెక్కిన నాటకం’ అనడం నిందగా కాక వర్ణనగా సబబే.

1957: విడిపోయిన గొంతు

కె.వి. రెడ్డి దర్శకత్వంలో ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. పింగళి నాగేంద్రరావు రచన, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం, గోఖలే, కళాధర్‌ల కళ, ఘంటసాల సంగీతం. పాటలలో కొన్నింటి బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. చిత్రంలో పాండవులు ఒక్కరూ కనిపించరన్న విశేషం అందరికీ తెలిసిందే. తమిళ రూపం కూడా అదే ఏడాది వచ్చింది. అందులో జెమినీ గణేశన్ అభిమన్యుడు కాగా, సావిత్రి, ఎస్.వి. రంగారావు రెండు భాషలలోనూ తమ పాత్రలు ధరించారు.

ఘటోత్కచుని ప్రవేశం భయానకంగానే మొదలవుతుంది. అడవిలో సుభద్రా అభిమన్యులపై రాక్షస మాయలు కురుస్తాయి. వచ్చినవారెవరో తెలిసిన మరుక్షణం ఆ భారీ శరీరం పినతల్లి కాళ్లమీద పడుతుంది. భయం బంధుత్వంగా మారిన ఈ క్షణం నుంచి చిత్రమంతటా రాక్షసుడు ఇంటివాడు. అతని అనుచరులు సంస్కృతం నేర్చుకునే ఘట్టాలలో పింగళి ఆ రాక్షసత్వాన్ని భాషలోకి మళ్లించాడు. అస్మదీయులకు ‘అసమదీయులు’ పుట్టి, దానికి జోడీగా ‘తసమదీయులు’ పుట్టడం, తల్పానికి గిల్పం, కంబళికి గింబళి తోడురావడం పిల్లల ఆటలా కనిపిస్తుంది. నిజానికి అది అచ్చంగా జానపద ద్విరుక్తి సూత్రం: పులి గిలి, ఇల్లు గిల్లు అన్న మన రోజువారీ పలుకే. గిల్పం, గింబళి తెరమీద నిజంగా దొర్లి చుట్టుకొని కౌరవుల పక్షాన్ని తిప్పలు పెట్టడంతో మాట వస్తువై కదిలినట్లయింది. పింగళి బందరు నాటకరంగం నుంచి వచ్చినవాడన్న సంగతి ఇక్కడ మరువరాదు.

అసలు ఘట్టం ‘అహ నా పెళ్ళంట’ పాట. శశిరేఖగా సావిత్రి పాడిన యుగళ గీతాలన్నిటిలో వినిపించే గొంతు పి. లీలది. మాయా శశిరేఖగా ఆమె ఆడిపాడే ఈ పాటలో గొంతు పి. సుశీలది. అంటే దేహం మారలేదు, గొంతు మారింది. ఇది సంగీత దర్శకుని ఉద్దేశమా, వీలునుబట్టి జరిగిన ఏర్పాటా అన్నది అప్రస్తుతం; చెవికి కలిగే ఫలితం మాత్రం తిరుగులేనిది. అంతటితో ఆగక, పాట ఊపందుకున్నప్పుడు సావిత్రి నోటి నుంచి ఘంటసాల పురుష కంఠం వెలువడుతుంది. ఆమె భుజాలు విప్పారుతాయి, కాళ్లు బారలు చాస్తాయి. ఉలిక్కిపడి సర్దుకున్నాక మళ్లీ స్త్రీ గొంతు. పెళ్లికూతురి పట్టుచీరలో రాక్షసుడు దాగి ఉన్నాడని చెప్పడానికి ఈ చిత్రం కెమెరా మాయను కాక నేపథ్య గానాన్ని వాడుకుంది.

ఇది 1885కు ముందటి స్థితికి తిరిగి వెళ్లడమే. తెరమీద ఒక బొమ్మ, తెర వెనుక మరొక గొంతు. సురభి కలిపిన ముడిని సినిమా విప్పింది. విప్పిన చోటే హాస్యం పుట్టింది. ఈ దృష్టితో చూస్తే సావిత్రి నటనలోని గొప్పతనం మరింత స్పష్టమవుతుంది. తనది కాని రెండు గొంతులకు, అందులో ఒకటి మగగొంతు, తన కనుబొమ్మలను, మెడను, అరికాళ్లను అప్పగించింది. మొక్కను లోపల నుంచి ఆడించే బొమ్మలాట కళాకారుని పనికి ఇది ఎంత దగ్గరో వేరే చెప్పనక్కరలేదు.

చివరి ఘట్టంలో శకుని సత్యపీఠం ఎక్కుతాడు. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు ఆ సన్నివేశంలో చేసినది ఈ సూత్రానికే విలోమం. గొంతు అతనిదే, ఇచ్ఛ అతనిది కాదు. దాచుకున్న కుట్ర తన నోటనే బయటకు దూకుతుంటే కళ్లు అడ్డుపడలేక గింజుకుంటాయి. చిత్రం మాయా శశిరేఖతో మొదలుపెట్టిన ఆటను సత్యపీఠంతో ముగించింది.

ఘటోత్కచుని భోజనం పాట గురించి రెండు మాటలు. మాధవపెద్ది సత్యం పాడిన ‘వివాహ భోజనంబు’ బాణీకి రంగస్థల పూర్వరూపాలున్నాయని సినీ చరిత్రకారులు గుర్తించారు. అందులోని నవ్వుల పల్లవికి 1922లో ఇంగ్లండు గాయకుడు చార్లెస్ పెన్‌రోజ్ రికార్డు చేసిన ‘ద లాఫింగ్ పోలీస్‌మన్’తో ఉన్న పోలిక రెండింటినీ విన్నవారికి తెలుస్తుంది. పెన్‌రోజ్ బాణీ సొంతం కాదు. 1890లలో ఆఫ్రికన్ అమెరికన్ గాయకుడు జార్జ్ డబ్ల్యు. జాన్సన్ రికార్డు చేసిన నవ్వుల పాట నుంచి తీసుకున్నది. గ్రామఫోను పుట్టిన కొత్తలో, మనిషి లేకుండా మనిషి నవ్వు పెట్టెలోంచి రావడమే ఒక వింత, కొంత భయం కూడా. దేహం లేని నవ్వు సముద్రాలు దాటి హిడింబ కొడుకు నోట పడటం, ఈ వ్యాసంలోని వాదానికి అడగకుండా దొరికిన సాక్ష్యం.

భయం ఎక్కడికి పోయింది?

ఒక ఆక్షేపణకు ఇక్కడ సమాధానం చెప్పాలి. 1957 చిత్రంలో నిజమైన భయమే లేదు గదా, దీనిని భయ హాస్య మిశ్రమమని ఎలా అంటామని అడగవచ్చు. ఆదిపర్వంలో హిడింబుడు మనిషి వాసన పసిగట్టి చెల్లెలిని పంపుతాడు. అతని మేనల్లుడు తెరమీద తినేవి గారెలు, బూరెలు, లడ్లు, అప్పడాలు, పులిహోర. నరమాంసం తినవలసిన నోటికి శాకాహార పెళ్లివిందు వడ్డించడం రాక్షసుణ్ణి అగ్రవర్ణ గృహస్థు పంక్తిలో కూర్చోబెట్టడమే. రాత్రంతా చిందు ఆటలో రాక్షసుణ్ణి చూసిన ప్రేక్షకునికి ఈ మచ్చిక కొంత ఎక్కువగా తోచవచ్చు. సినిమా ఈ చోట కొంత పోగొట్టుకున్నదని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

కాని భయం పూర్తిగా పోలేదు. అది ప్రేక్షకుని జ్ఞాపకంలోకి వెళ్లి కూర్చుంది. ద్రోణపర్వం తెలిసినవారు ఈ పెళ్లిపందిరిని తేలికగా చూడలేరు. యుద్ధం పదమూడవ రోజున అభిమన్యుడు పద్మవ్యూహంలో పడిపోతాడు. పడకముందు దుర్యోధనుని కొడుకు లక్ష్మణుణ్ణి చంపుతాడు. మరునాటి రాత్రి కర్ణుని శక్తికి ఘటోత్కచుడు కూలుతూ శత్రుసేన మీద పడి అక్షౌహిణిని నలిపివేస్తాడు. వరుడు, ఆ వరుని స్థానాన్ని ఆశించి భంగపడ్డవాడు, వధువు వేషం వేసినవాడు ముగ్గురూ రెండు దినాల వ్యవధిలో చనిపోతారు. ఘటోత్కచుడు చనిపోయినప్పుడు పాండవులు విలపిస్తుంటే కృష్ణుడు సంతోషిస్తాడు. అర్జునుని కోసం దాచిన శక్తి ఖర్చైపోయిందన్నది ఒక కారణం. యజ్ఞాలకు శత్రువైన ఇతణ్ణి ఎప్పటికైనా తానే చంపవలసి వచ్చేదన్నది రెండవది. చిత్రంలో ఆ కృష్ణుడే అతణ్ణి ముద్దుచేసి పని చెబుతాడు. రేలంగి లక్ష్మణకుమారుని పాదాన్ని మాయా శశిరేఖ తొక్కినప్పుడు హాలంతా నవ్వుతుంది. పురాణం చెప్పుకునే ఇళ్లలో పెరిగిన ప్రేక్షకులు ఆ నవ్వుకు అడుగున ఏముందో ఎరుగుదురు. జానపదులు శశిరేఖను కల్పించింది ఈ కుర్రవాళ్లకు యుద్ధానికి ముందు ఒక్క రాత్రి సంతోషం ఇవ్వడానికేమోనని నాకు అనిపిస్తుంది. దీనిని వాదంగా కాక ఊహగా మాత్రమే తీసుకోవాలి.

గొంతు మిగిలింది

బార్ట్‌లే స్టూడియోలో సృష్టించిన వెన్నెలను, వంటకాలు వాటంతటవే నోట్లోకి ఎగరడాన్ని నేటి సాంకేతికులు గౌరవంతో చూస్తారు గాని ఆశ్చర్యపోరు. వాటికంటే ఎక్కువగా నిలిచింది శబ్దం. ఆకాశవాణి సంక్షిప్త శబ్దచిత్రాలు, గ్రామఫోను రికార్డులు, తరువాత క్యాసెట్లు, పెళ్లిపందిళ్ల మైకులు బొమ్మ లేని సినిమాను ఊరూరికీ మోసుకుపోయాయి. సినిమా హాలు దూరమైన పల్లెలలో చూడకముందే విన్నవారు ఎందరో. సినిమా చూస్తూ సంభాషణలు వల్లించడం న్యూయార్కు అర్ధరాత్రి ప్రేక్షకులు కనిపెట్టిన విద్య కాదు. మనవారికి అది మైకు నేర్పిన అలవాటు. జంధ్యాల ‘అహ నా పెళ్ళంట’ (1987), ‘చూపులు కలసిన శుభవేళ’ (1988), ‘వివాహ భోజనంబు’ (1988) అని వరుసగా పేర్లు పెట్టుకున్నప్పుడు ఆయన వాడుకున్నది దృశ్యాలను కాదు, జనం చెవిలో ఉన్న పల్లవులను. 2010 జనవరిలో ఈ చిత్రాన్ని రంగులతో తిరిగి విడుదల చేశారు. రంగులు ఎంత బాగా అద్దారన్న దానిమీద చర్చ జరిగింది. గొంతులను మార్చాలని మాత్రం ఎవరూ కోరలేదు.

ఈ ప్రఖ్యాతి సురభి వారి మీద వింత భారం మోపింది. సినిమా చూసి, విని వచ్చిన ప్రేక్షకులు రంగస్థలం మీదా ఆ గొంతులనే ఆశిస్తారు. తమ పూర్వులు వదిలివచ్చిన బొమ్మలాటలోని సౌకర్యాన్ని సినిమా తీసుకుంది. రంగస్థల నటికి ఆ సౌకర్యం లేదు. పరదా లేచి, పెళ్లిపీటల దగ్గరకు మాయా శశిరేఖ నడిచి వచ్చే వేళకు ఆమె వెనుక సుశీలా లేదు, ఘంటసాలా లేడు. సిగ్గునూ గర్జననూ ఆ ఒక్క కంఠంలోంచే ఆమె తీయాలి.